గొట్టం మీద సుత్తి

నమ్మితే నమ్మండి, లేకుంటే నవ్వి పడుకోండి. యుద్ధం రోజుల్లో మా కడప జిల్లాలో ఒక రైలు స్టేషను నుంచి పెట్రోలు ట్యాంకు దాకా నేలమీదే ఇనుప గొట్టం వేశారు. ఊరు సద్దుమణిగాక, కుండ కొనేవాడు వేలితో కొట్టి చూసినట్టు, దాన్ని సుత్తితో కొట్టి వినాలి. మంచి ఇనుము ఖంగుమంటుంది. తుప్పు తిన్నది పగిలిన కుండలా పలుకుతుంది. విన్నది రిజిస్టరులో రాయాలి.

ఆ పని హుసేన్ వలిది. అతనికి దయ్యాలంటే భయం లేదు, పగటిపూట. అందుకే పాత కాపలాదారు ఓబన్న పాము కరిచి చచ్చిపోయిన వంకను రాత్రిపూట దాటేవాడు కాదు, తెల్లారాకే ఇంటికి పోయేవాడు. అవతల తన గుడిసె గోడ పక్కగా పోయే గొట్టాన్ని కొట్టకుండానే ‘బాగుంది’ అని రాసేసేవాడు.

ఆ రాత్రి వంక ఇవతల చివరి దెబ్బ కొట్టాడు. ఖంగుమంది. అవతల చీకట్లో ఎవరో ఇంకో దెబ్బ కొట్టారు.

“ఎవురప్పా ఆడ?”

మోత గొట్టం వెంబడే అతని గుడిసె వైపు సాగింది. ఖంగు. ఖంగు. గుడిసె దగ్గర పగిలిన కుండలా పలికింది. మళ్లీ అక్కడే. మళ్లీ అక్కడే. గాలి తిరిగి పెట్రోలు వాసన గుప్పుమంది.

అతను వంకలోకి దూకి పరుగెత్తాడు. గుడిసెలోంచి భార్య పీరమ్మ గొంతు వినిపించింది.

“ఏమయ్యో, గోడ పక్కన ఎంతసేపు కొడ్తాండావు? పండుకోనీవా? ఉండు, దీపం ముట్టించుకోని వస్తా.”

“వద్దే! పీరమ్మా, ముట్టించొద్దు!”

సుత్తి మోత ఆగింది. ఆ నిశ్శబ్దంలో అగ్గిపుల్ల గీసిన చప్పుడు అతనికి స్పష్టంగా వినిపించింది.