షోకేసులో మూడో కప్పు

అమ్మీ పోయి నలభై రోజులైంది. భువనగిరిలోని ఆ ఇల్లు తెల్లవారితే ఖాళీ చేయాలి. జబీన్ హాల్లో స్టూలు వేసుకుని రాత్రంతా షోకేసు బొమ్మ వేస్తోంది. మిక్సీ పెట్టె, ప్లాస్టిక్ పూలు, కవరు విప్పని డిన్నర్ సెట్టు, బంగారు అంచున్న ఆరు టీ కప్పులు. ముప్పై ఏళ్లుగా అమ్మీ ముచ్చటపడి కొన్నవన్నీ ఆ తాళం వెనకే ఉన్నాయి. ఒక్కటీ ఆమె వాడలేదు, ఎవరినీ వాడనివ్వలేదు.

చెల్లెలు జేబా ఫోన్ చేసింది. "ఆపా, ఇంకా ఆ బొమ్మనేనా? షోకేసు కొన్నోళ్లు పొద్దుగాల ఏడింటికే వస్తరు. ఒక ఫోటో తీస్కుంటే అయిపోతది గదా."

"ఫోటో నువ్వు తీస్కో. నేను బొమ్మ పూర్తి చేసినంకనే లేస్త."

ఫోన్ పెట్టి చూస్తే మూడో కప్పు పిడి ఎడమకు ఉంది. బొమ్మలో కుడికి ఉంది. తనదే పొరపాటనుకుని, రంగు తుడిచి ఎడమకు వేసింది. తలెత్తేసరికి పిడి కుడికి తిరిగి ఉంది. తాళంచెవి ఆమె చున్నీ కొసకే ముడివేసి ఉంది.

మళ్లీ తుడిచింది. తల దించగానే అద్దం వెనక, సాసరు మీద కప్పు జరిగిన సన్నని చప్పుడు. ఫ్యాను ఆపి విన్నది. ఏమీ లేదు. ఇప్పుడు లేచి వెళ్లిపోతే ఈ షోకేసు ఇక కంటపడదు.

"అమ్మీ, జర కదలకుండ ఉండనియ్యి," అన్నది. "తెల్లారేలోపు అయిపోవాలె నాకు."

పిడి మళ్లీ వేసింది. తర్వాత అద్దానికి లోపలివైపు, సరిగ్గా ఆ కప్పు ఎదురుగా, ఆవిరి పట్టసాగింది.

జబీన్ కుంచె కడుక్కుని, ఆ ఆవిరి కోసం తెల్లరంగు మూత తీసింది.