ధర్మవరం చేరని బస్సు

బస్సు మళ్లీ కరెంటు స్తంభానికి గుద్దుకుంది. కిటికీ గూట్లో చెంబుకు ఆనించిన ఫోను తెరమీద ఎర్రటి అక్షరాలు వెలిగాయి. ఓబుళప్ప చేతిలోని గేమ్ కంట్రోలర్ గజగజ వణికి ఆగిపోయింది.

"ఇది ఎన్నోది స్వాతమ్మా?"

"లెక్కెందుకులే మామా" అంది కోడలు. ఆ పూటకు అది నాలుగోది.

ఆ కంట్రోలర్ స్వాతి తమ్ముడు వేణుది. ధర్మవరంలో ఇంటర్ పరీక్షలు రాస్తున్నాడు. అది కళ్లముందుంటే పుస్తకం ముట్టడని తల్లి దాన్ని లాక్కుని కూతురి సంచిలో వేసి హిందూపురం పంపించింది. పరీక్షలు అవగానే ఆదివారం వచ్చి తీసుకుపోతానన్నాడు వాడు. పెళ్లయి నాలుగు నెలలైనా నిండని స్వాతి దాన్ని చీరల కింద దాచి, మధ్యాహ్నం అత్త గంగులమ్మ కునుకు తీసేవేళ ఫోనుకు బ్లూటూత్ కలిపి కార్లు తోలుకునేది. ఒకరోజు మామకు దొరికిపోయింది. దొంగకు తేలు కుట్టినట్టు కిక్కురుమనకుండా నిలబడితే, ఆయన గదమాయించనే లేదు. వైరు లేకుండా బండి ఎట్లా తిరుగుతుందో కాసేపు వింతగా చూసి, "దీంట్లో బస్సు ఉండాదా?" అని అడిగాడు.

ఓబుళప్ప ఆర్టీసీలో ముప్పైరెండేళ్లు చేసి రిటైరైన మనిషి. అన్నేళ్లూ హిందూపురం నుంచి ధర్మవరం రూటే అడిగి మరీ వేయించుకున్నాడట. ఇంట్లో రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. అలాంటివాడు తనంత తానే నోరు తెరిచి అడిగాడన్న సంబరంలో స్వాతి అప్పటికప్పుడు ఫోన్లోకి బస్సు ఆట ఎక్కించింది.

ఆ ఆటలోని ఊళ్లు ఏ దేశానివో దేవుడికే తెలియాలి. ఆయనకు మాత్రం మొదటిది సోమందేపల్లి, కొండ మలుపు పెనుకొండ, దాని తర్వాత చెన్నేకొత్తపల్లి, చివరిది ధర్మవరం. ఏ స్టాపులో పూలగంపలవాళ్లు ఎక్కేవారో, పట్టుచీరల మూటలవాళ్లు ఎక్కడ దిగేవారో కోడలికి కథలుగా చెప్పేవాడు. బొమ్మల జనం అందరూ ఎక్కిందీ లేందీ ఆటలో చూపు వెనక్కి తిప్పి చూసుకుంటే గానీ బండి కదిలించేవాడు కాదు. ఇంతా చేసి కదిలిస్తే, అది పెనుకొండ దాటేది కాదు.

కుర్చీ వేసినా కూర్చోడు. గోడకు వీపు ఆనించి నిలబడి, బొటనవేలు ఒకసారి నాలుకకు తడి చేసుకుని కంట్రోలర్ అందుకుంటాడు. "కూచుంటే నాకు తోచదు పాపా" అంటాడు. ఏళ్ల తరబడి సీట్లో కూర్చుని నడుము పట్టేసి ఉంటుంది పాపం అనుకునేది స్వాతి.

ఆమె దిగులు ఇంకొకటి. ముప్పైరెండేళ్ల సర్వీసు చేసిన మనిషికి ఇప్పుడు కుడీ ఎడమా తెలియకుండా పోతోంది. చూపు ఆనడం లేదేమోనని గురువారం కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఈ వయసులో ఇంత మంచి చూపు తనకూ ఉంటే చాలన్నాడు డాక్టరు. అంటే చేతులే మొద్దుబారాయన్నమాట. ఆ మాట తట్టగానే వంటింట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకుంది. కొంచెం సులువైన దారి పెడతానంటే మామ వద్దన్నాడు.

శనివారం సాయంత్రం వేణు ఫోన్ చేశాడు. పొద్దున్నే బయలుదేరుతానని చెప్పాడు.

"రేపు తీసుకపోతాడు మామా" అంది స్వాతి.

ఓబుళప్ప కంట్రోలర్‌ను రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాడు. "ఒక్కసారన్నా ధర్మవరం చేర్చల్ల పాపా."

రిటైరైనా ఈ మనిషి బస్సు దిగలేదని గంగులమ్మ నవ్వుకుంది.

ఆదివారం వేణు వచ్చిన బస్సునే పెనుకొండలో ఎక్కి ఉలిగప్ప కూడా వచ్చాడు. గోడమీది ఫొటోలో, దసరాకు దండ వేసిన బస్సు ముందు, మామ పక్కన ఖాకీ చొక్కాలో నిలబడ్డ మనిషి ఆయనే. ఇద్దరూ ఒకే బండి మీద చేశారు. కాఫీ ఇస్తూ స్వాతి ఆయన్ను మెల్లగా బతిమాలింది, మామ ఎక్కడైనా గుద్దితే నవ్వొద్దని.

"నేనెందుకు నవ్వుతా పాపా" అని ఉలిగప్ప మంచం మీద కూర్చున్నాడు.

ఓబుళప్ప బొటనవేలు తడి చేసుకున్నాడు. బస్సు కదిలింది. సోమందేపల్లి దాటింది. కొండ మలుపు దగ్గర ఎదురుగా లారీ వచ్చింది. ఉలిగప్ప కుడికాలు ఎందుకో నేలను గట్టిగా నొక్కింది.

"నిదానం ఓబుళా" అన్నాడు ఆయన.

లారీ పక్కనుంచి వెళ్లిపోయింది. చెన్నేకొత్తపల్లిలో జనం దిగారు, ఎక్కారు. ఓబుళప్ప వెనక్కి తిప్పి అందరినీ చూసుకున్నాడు. నుదుటి మీద చెమట కారుతున్నా తుడుచుకోలేదు. చివరికి బస్సు ఒక్క గీత కూడా పడకుండా ధర్మవరం స్టాండులో ఆగింది.

గంగులమ్మ చప్పట్లు కొట్టింది. సంచి విప్పి పట్టుకుని నిలబడ్డ వేణు దాన్ని మళ్లీ మడిచేసి, కంట్రోలర్ సెలవులయ్యేదాకా ఇక్కడే ఉండనివ్వమన్నాడు. స్వాతికి కన్నీళ్లు ఆగలేదు.

"చూసినారా ఉలిగప్ప మామా, పాత చెయ్యి మళ్లా తిరిగింది. అన్నేండ్లు తోలిన పని యాడికి పోతుంది?"

ఉలిగప్ప పాత స్నేహితుడి భుజం మీద చెయ్యి వేసి, ఇచ్చిన మాట మరిచి పకపకా నవ్వాడు.

"ముప్పైరెండేండ్లు బండి తోలింది నేను పాపా, ఈయప్ప నా ఎనకాల టిక్కెట్లు కొట్టినాడు."