శనివారం కుర్చీ

"నేను సంతకం పెట్టనండి," అంది ఇష్రత్, టీ కప్పు ముందుకు జరుపుతూ.

కరుణశ్రీ ఆ కప్పు పక్కన పెట్టేసింది. నడవలేని పిల్లలకి ఇంటికే వెళ్లి చదువు చెప్పే టీచరామె. ప్రతి శనివారం తెనాలి నుంచి రైల్లో రేపల్లె వస్తుంది. ఇష్రత్ కొడుకు ఫరూక్ ఈ ఏడు బడిలోనే చదవాలని అధికారులతో ప్లాన్ కాగితం తయారు చేయించేసరికి కరుణశ్రీకి తలప్రాణం తోకకొచ్చింది. తీరా ఇప్పుడు తల్లే కాదంటోంది.

"ఎందుకమ్మా? చక్రాల బండి కూడా వచ్చింది కదా?"

"బడికి మెట్లున్నాయి కదండి."

"ర్యాంపు కట్టించాం."

"మరి బాత్‌రూమ్‌కి ఎవరు తీసుకెళ్తారండి?"

"ఆయాని పెట్టారు. ఆటో కూడా మాట్లాడారు. ఇంకేంటి?"

ఇష్రత్ గచ్చు మీద లేని మరకని కొంగుతో తుడవసాగింది. మంచం మీద ఫరూక్ కొత్త బ్యాగు ఒళ్లో పెట్టుకుని ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తున్నాడు.

కరుణశ్రీకి ఒళ్లు మండింది. అయినా చెప్పాల్సింది చెప్పింది.

"ప్లాన్ నచ్చకపోతే మీరు వద్దనొచ్చు. అది మీ హక్కు. మీరు ఒప్పుకోకపోతే ఏదీ మారదు. ఎప్పట్లాగే ప్రతి శనివారం నేనే వస్తాను."

"వస్తారా?" ఇష్రత్ మొహం వెలిగిపోయింది.

"అమ్మీ, నేను బడికెళ్తా," అన్నాడు ఫరూక్.

"విన్నారా? కన్నతల్లయి ఉండి మీరే వాణ్ణి నాలుగు గోడల మధ్య ఉంచేస్తానంటే ఎలాగమ్మా?" అంది కరుణశ్రీ. అనకూడని మాటే. కోపం మీద అనేసింది.

ఇష్రత్ కొడుకు వైపు చూసింది. పెన్ను తీసుకుని సంతకం పెట్టింది. ఫరూక్ ఆనందం పట్టలేక బ్యాగుని గుండెకి హత్తుకున్నాడు.

రైలుకి టైమవుతోందని కరుణశ్రీ లేచింది. ఆమె కూర్చున్న ప్లాస్టిక్ కుర్చీని ఇష్రత్ కొంగుతో తుడిచి, ఎప్పట్లాగే పాత దుప్పటి కప్పబోయి ఆగింది.

"మేడమ్, ఆ ప్లాన్‌లో తల్లులు అడిగింది కూడా రాస్తారాండి?"

"రాయాలి. అదీ మీ హక్కే. ఏం రాయమంటారు?"

"ఎప్పుడన్నా ఒక శనివారం మీరొచ్చి టీ తాగి వెళ్లాలని రాయండి. ఈ కుర్చీ కొన్నాక మీరు తప్ప ఇంకెవరూ ఇందులో కూర్చోలేదండి."