తలూపిన జవాబు

కౌంటీ కోర్టులో రెండోసారి విచారణ. బేడీలతో వస్తున్న డ్వేన్, పెళ్లాం లొరెట్టా పక్కన ఆగి నవ్వాడు. "కాగితం మీద లేనిది జరగనట్టేనే, పిచ్చిమొహమా."

అతని కత్తి ఆమె మాటను శాశ్వతంగా తెంచేసింది. "గొంతు కోసింది ఇతనేనా?" అని మొదటి విచారణలో లాయరు అడిగితే ఆమె తలూపింది. ఆ సంగతి ఎవరూ పైకి చెప్పలేదు, అన్న మాటలే రాసుకునే స్టెనో రాయలేదు. సాక్షుల్ని పిలవకుండా రాతలే చదివే రాష్ట్ర అప్పీలు కోర్టులో, ముగ్గురు జడ్జీలకూ ప్రశ్న కింద ఖాళీ కనిపించింది. శిక్ష కొట్టేసి, మళ్లీ విచారించమన్నారు.

లొరెట్టా బోనెక్కింది. డ్వేన్ ఆమెనే చూస్తూ, ఈ చెవి నుంచి ఆ చెవి దాకా మెడ మీద వేలు గీసుకున్నాడు.

ప్రభుత్వ లాయరు ఇంకా ప్రశ్న అడగనే లేదు. స్టెనో వైపు తిరిగి, "రాసుకోండమ్మా," అంది. "ముద్దాయి సాక్షిని చూస్తూ, గొంతు ఎలా కోశాడో వేలితో చూపించాడు."

మిషను టకటకలాడింది.

లొరెట్టా తలూపింది.