విత్తనానికి వదిలిన మొక్కలు

లైల్ వెల్లుల్లి ఆవ ఆకులు గిల్లి సంచిలో వేసుకుంటున్నాడు. నలిపితే వెల్లుల్లి వాసన కొట్టే ఆ కలుపు ఆర్డిస్ వాళ్ల ఇంటి వెనకున్న మేపుల్ అడవినంతా కమ్మేసింది. పీకేస్తానని మాటిచ్చి ఏటా వసంతంలో వస్తాడు. పచ్చడికని ఆకులు కోసుకుని, మొక్కల్ని మాత్రం విత్తనానికి వదిలేస్తాడు.

ఆర్డిస్ వెనక వచ్చి నిలబడింది. "ఈ కలుపు కమ్మేసి, మా ఆయన నాటిన ట్రిలియం అడవిపూలు ఈసారి ఒక్కటీ పూయలేదు లైల్."

అతని చెయ్యి ఆగిపోయింది. "తప్పు నాదే. అంతా పీకేస్తే వచ్చే ఏడాది ఆకు దొరకదని వదిలేస్తూ వచ్చాను."

"నాకు తెలుసు."

"తెలిసీ ఊరుకున్నావా?"

ఆమె మొహం తిప్పుకుంది. "ఆయన పోయాక ఈ ఇంటికొచ్చేది నువ్వొక్కడివే. కలుపు పోతే నువ్వెందుకొస్తావు? పూలు చచ్చిపోతున్నా చూస్తూ కూర్చున్నాను."

లైల్ సంచి పక్కన పడేసి, మోకాళ్లమీద కూర్చుని ఒక మొక్కని మొదట్లో పట్టి లాగాడు. తడినేల కావడంతో వేరుతో సహా వచ్చేసింది.

ఆర్డిస్ కూడా అతని పక్కనే చతికిలబడింది. "ఆయనుంటే మనిద్దర్నీ తిట్టేవాడు."

"తిట్టేవాడు," అన్నాడు లైల్, ఆమె వైపు చూడకుండా ఇంకో మొక్క పట్టుకుంటూ.