అడ్డంగా విడిచిన చెప్పులు

"ముందు మీరు వెళ్ళండి" అంటూ ఆవిడ పక్కకి జరిగింది.

ఏడాదిగా ఇదే తంతు. సాయంత్రం ఇద్దరూ కలిసే మెట్లెక్కుతారు. మూడో అంతస్తు చేరేసరికి ఆవిడ మోకాళ్ళు మొరాయిస్తాయి. అయినా వీధి వైపు వరండాలో రెండడుగులు వెనకే ఆగిపోతుంది. తలుపు మాత్రం ఆయనే తీయాలి.

ఆయన జేబులోంచి తాళంచెవి తీశాడు. తలుపు తెరుచుకుంది. గుమ్మం లోపల, సరిగ్గా నడిచే దారిలో, పాత తోలు చెప్పులు అడ్డంగా పడి ఉన్నాయి. పొద్దున తాళం వేసేటప్పుడు అవి గోడవారన స్టాండులో ఉన్నాయి.

"చూశావా" అన్నాడాయన మెల్లగా.

"చూశాను" అంది ఆవిడ. చెప్పుల్ని తొక్కకుండా పక్కనుంచి లోపలికి వెళ్ళింది.

అవి ఆవిడ బావగారి చెప్పులు. ఆ మనిషి పోయి ఏడాది దాటింది.

అన్నదమ్ములిద్దరూ బోర్డులు రాసేవాళ్ళు. వీధిలో అందరికీ అన్న పెద్ద బ్రష్షు, తమ్ముడు చిన్న బ్రష్షు. ఎంత పొడుగు బోర్డయినా అన్న ఈ చివర, తమ్ముడు ఆ చివర మొదలెట్టి మధ్యలో కలుసుకునేవారు. ఎవరి చెయ్యి ఎక్కడ ఆగిందో భూతద్దం పెట్టి వెతికినా దొరికేది కాదు.

రెండు చేతుల్లో రంగు డబ్బాలతో ఇంటికొచ్చే పెద్ద బ్రష్షు చెప్పుల్ని కాళ్ళతోనే విదిలించేవాడు. అవి వెళ్ళి దారికి అడ్డంగా పడేవి. "తట్టుకుని బోర్లా పడితే నా పళ్ళు మా డాక్టరుగారే కట్టాలి బావగారూ" అని ఆవిడ రోజూ సణిగేది. ఎదురు మేడ మీది పళ్ళ డాక్టరు దగ్గరే ఆవిడ ఉద్యోగం. "కడతాడులే అమ్మా, నీకైతే ఊరికే కడతాడు" అని నవ్వేవాడాయన. మర్నాడు మళ్ళీ అడ్డంగానే.

ఒకరోజు సగం రాసిన బోర్డు కింద, నిచ్చెన దిగి కూర్చున్నాడు. మళ్ళీ లేవలేదు.

మిగతా సగం తమ్ముడు పూర్తి చేశాడు. ఇక అంతే. షాపుకి వెళ్ళి ఊరికే కూర్చునేవాడు. ఇంట్లో కంచం ముందు కూర్చుని కంచం వంకే చూసేవాడు. ఈ మనిషి నాకు దక్కుతాడా అని ఆవిడ హడలిపోయింది. అలాంటి రోజుల్లో ఒక సాయంత్రం, తాళం వేసిన ఇంట్లో ఆ చెప్పులు మొదటిసారి అడ్డంగా కనిపించాయి. ఆ పూట ఆయన కడుపునిండా తిన్నాడు. మర్నాడు బ్రష్షులు కడుక్కున్నాడు.

అప్పట్నుంచీ ఏదో ఒకటి. కొన్నాళ్ళు, కట్టేసి వెళ్ళిన రేడియో పాడుతూ ఉండేది. ఒకసారి పేపర్లో గళ్ళ నుడికట్టు సగం నింపి ఉంది, బోర్డు మీద రాసినంత గుండ్రటి అక్షరాలతో. చెప్పులు మాత్రం ఒక్కరోజూ తప్పలేదు.

ఇప్పుడు ఇంటి ఒప్పందం గడువు తీరిపోతోంది. ఇంటాయన ఇవాళే జవాబు కావాలన్నాడు. ఆవిడ అక్క తన వీధిలో ఒక ఇల్లు చూసిపెట్టింది. కింది అంతస్తు. ఇక్కడిలా వంటింటి గోడకి చెమ్మ లేదు. షాపుకీ క్లినిక్కుకీ మాత్రం రెండు బస్సులు మారాలి. పొద్దున వెళ్తే మళ్ళీ రాత్రికే ఇల్లు చేరడం.

ఆ సంగతి తేల్చడానికి వాళ్ళ వెనకే వచ్చిన అక్క గుమ్మంలో చెప్పులు చూసి బిగుసుకుపోయింది. చెల్లెల్ని చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్ళింది.

"ఇంకా ఆలోచించేదేమిటే?"

"నీకేం, చెప్తావక్కా."

"నిజం చెప్పు. చెప్పులేనా, మనిషిని కూడా చూశావా?"

ఆవిడ టీకి నీళ్ళు పెట్టింది. పొయ్యి వెలిగించింది.

"చూశాను."

అక్క చెయ్యి గుండెల మీదికి పోయింది. "ఎలా ఉన్నాడే?"

"చిక్కిపోయాడు" అంది ఆవిడ కళ్ళొత్తుకుంటూ. "చూడలేకపోయానక్కా. ఏడుపొచ్చేసింది."

"ఏడుపేమిటే పిచ్చిమొహమా, నాకైతే అక్కడికక్కడే ప్రాణం పోయేది. రేపే సామాను సర్దు."

టీ కూడా ముట్టకుండా, గోడకి అంటుకుని చెప్పుల్ని దాటి వెళ్ళిపోయింది అక్క.

అక్క అటు వెళ్ళడం, ఇంటాయన రావడం ఒకటే అయింది. "ఏమ్మా, ఉంటారా, వెళ్తారా? దయ్యం ఉందని అద్దె తగ్గించమంటే మాత్రం కుదరదు. దాన్ని నేను పెట్టలేదు."

ఆవిడ భర్త వంక చూసింది. ఆయన చెప్పుల పక్కనే నేల మీద కూర్చుని ఉన్నాడు.

"నీ ఇష్టం. భయమైతే మారిపోదాం. ఈ మోకాళ్ళతో నువ్వు మాత్రం ఎన్నాళ్ళెక్కుతావు" అన్నాడు. అన్నాడే గాని, చెప్పుల మీంచి చెయ్యి తీయలేదు.

ఆవిడకి నిజంగానే భయంగా ఉంది. ఏడాదిగా భయం లేని రోజు లేదు. అక్క వీధిలో ఇంటికి వెళ్తే ఈ చెప్పులు స్టాండులోంచి కదలవు. అది ఆవిడకి బాగా తెలుసు. అప్పుడీ మనిషి మళ్ళీ కంచం వంక చూస్తూ కూర్చుంటే?

"ఉంటామండీ" అంది ఇంటాయనతో. "ఇంకో మూడేళ్ళకి రాయించండి."

"మీ ధైర్యం మీది" అని గొణుక్కుంటూ ఆయన మెట్లు దిగాడు.

భోజనాల దగ్గర భర్త ఇంకాస్త వడ్డించమన్నాడు. ఆవిడ వడ్డించింది. వంటింటి గుమ్మంలోంచి ఆ చెప్పులు కనిపిస్తూనే ఉన్నాయి. వాటిని పక్కకి పెట్టడం ఆవిడ ఎప్పుడో మానేసింది. పొద్దున స్టాండులో సర్దేది ఆయనే.

రోజూ మధ్యాహ్నం క్లినిక్ కిటికీలోంచి ఆవిడ చూస్తూనే ఉంది, ఒక్కడే మెట్లెక్కి వచ్చి, తాళం తీసి, ఆ చెప్పులు తొడుక్కుని, రెండు చేతుల్లో ఖాళీ రంగు డబ్బాలతో వరండా ఆ చివర్నుంచి నడిచొచ్చి, గుమ్మంలో వాటిని కాళ్ళతోనే విదిలించి, మళ్ళీ తాళం వేసుకుని వెళ్ళిపోయే చిన్న బ్రష్షుని.