మాస్టారు చూపిన లోతు

"ఇది చెరువు కాదండీ, గుంట. మోకాలి లోతు కూడా లేదు," అంటూ ఆఫీసరు గట్టు మీద నిలబడే కాగితం మీద పెన్ను పెట్టాడు.

మాస్టారు ఓ అడుగు ముందుకేశారు. ఏటిని బాగుచేసే పథకంలో దాని పొడుగునా ఉన్న చెరువులన్నీ చేరుతున్నాయి. గుంట అని రాస్తే ఇది జాబితాలోంచి ఎగిరిపోతుంది. రెండేళ్లుగా ప్రతి ఆదివారం ఆయనా, వీధి చివర టైలరూ, మరో పదిమందీ తట్టలతో పూడిక మోశారు. ఏటి నుంచి వచ్చే కాలువలో చెత్త ఎత్తిపోశారు. ఈ ఏడే నీళ్లు నిలిచాయి.

"నీళ్లు తేటగా ఉన్నాయి కదా బాబూ, అందుకే అడుగు పైకి కనిపిస్తోంది. మొన్నే కొలిచాం. తొమ్మిదడుగులు."

"దేంతో కొలిచారు?"

టైలరు మెడలోంచి టేపు తీసి చూపించాడు. "ఒక్కటి చాల్లేదు సార్. రెండు కలిపి కుట్టాను."

"కుట్టిన టేపు చెల్లదు. ముద్ర ఉన్న కొలకర్ర కావాలి."

"అదెక్కడుంది సార్?"

"ఆఫీసులో."

మాస్టారు చెప్పులు విడిచారు. "నేను దిగుతాను. నడుం దాకా వస్తే ఒప్పుకుంటారా?"

"రానీండి, చూద్దాం."

"మీకు ఈత రాదు కదండీ. నేను దిగుతా," అన్నాడు టైలరు.

"నువ్వు పొట్టివాడివి. నీకు నడుం దాకా వచ్చినా మోకాలి లోతనే రాస్తారు. ముప్పై ఏళ్లు భూగోళం చెప్పానయ్యా. పటం మీద నేను ఈదని నది లేదు. నీళ్లలో ఈదడమే మిగిలింది."

మొదటి అడుగుకి చీలమండ మునిగింది. రెండో అడుగుకి మోకాలు. ఆయన పాఠం చెప్పే అలవాటు కొద్దీ గట్టు వైపు తిరిగి వేలెత్తారు. "చూశారా, ఇక్కడికే..."

మూడో అడుగుకి నేల అందలేదు.

సరిగ్గా అక్కడ తవ్వింది తనేనని, చాలదు ఇంకా తవ్వండని పదిమందినీ కసిరిందీ తనేనని ఆయనకి నీళ్ల కింద గుర్తొచ్చింది. పైకొచ్చి గుక్కెడు తాగారు. మళ్లీ మునిగారు. ఈలోగా టైలరు దూకి కాలరు దొరకబుచ్చుకున్నాడు.

"ఊడొస్తుందేమోనయ్యా," అన్నారు మాస్టారు ఉక్కిరిబిక్కిరవుతూనే.

"ఊడదు లెండి. అది నేను కుట్టిందే."

గట్టు మీద బోర్లా పడుకోబెట్టి నీళ్లు కక్కించారు. కళ్లజోడు చెరువు పాలైంది. తల ఎత్తేసరికి భార్య తువ్వాలు పట్టుకుని నిలబడి ఉంది.

"నువ్వెప్పుడొచ్చావే?"

"మీరు చెప్పులు విడవగానే ఇంటికెళ్లి తెచ్చాను."

"నా బతుకులో తెలివైన పని పెళ్లొక్కటే," అన్నారాయన తల తుడుచుకుంటూ.

ఆఫీసరు ముఖం పాలిపోయింది.

"ఇంకా గుంటే అంటారా బాబూ?"

"లేదు మాస్టారూ. నాదే పొరపాటు. ఆ మాట కొట్టేశాను." గబగబా మరో రెండు ముక్కలు రాసి, సంతకం పెట్టి, నకలు చించి ఆయన తడి చేతిలో పెట్టాడు. రెండు చేతులూ జోడించి కారెక్కి వెళ్లిపోయాడు.

మాస్టారు చలికి వణుకుతూనే నవ్వారు. "ముప్పై ఏళ్లలో ఎన్ని పాఠాలు చెప్పానో. ఒక్కసారి చెప్పగానే బుర్రకెక్కింది మాత్రం ఇదొక్కటే. మునిగితే మునిగాను గానీ, చెరువు తేలింది. కళ్లజోడు లేదు, కాస్త చదివి పెట్టు."

భార్య కాగితాన్ని వెలుగులోకి పట్టుకుని చదివింది.

"చెరువు చాలా లోతుగా ఉన్నది. మనుషుల ప్రాణాలకు ప్రమాదకరం. కావున వెంటనే మట్టితో పూడ్చివేయవలెను."